చుక్క తర్వాత తెలుగు

చిరంజీవి అబ్బాయికి,

నెల్లూరు నుంచి మీ పెదనాయన ఆశీస్సులు.

కావలిలో నువ్వు, నీ స్నేహితులు కలిసి రాసిన కాగితం చదివాను. ‘.సింహపురి’ అని, ‘.కామ్’ లాగా సైటు పేరు చివర చుక్క తర్వాత వచ్చేలా, తెలుగులో ఒక డొమైన్ ఎక్స్‌టెన్షన్ తెచ్చి, జిల్లాలోని అంగళ్లకు, బడులకు, పంచాయతీలకు దాని కింద పేర్లివ్వాలన్న ఆలోచన నాకు నచ్చింది. కానీ ప్రచారానికి పేజీలకు పేజీలు రాసి, ఏ అక్షరాలు ఒప్పుకుంటారు, ఏవి ఒప్పుకోరు అన్నదానికి నాలుగు వరుసలతో సరిపెట్టారు. అసలు విధానమంటే ఆ నాలుగు వరుసలే అబ్బయ్యా. అక్కడ తప్పితే తర్వాత దిద్దుకోవడం చాలా కష్టం.

ముందు ఖర్చు. సొంత లిపుల్లో దేశాల పేర్లకు ఐకాన్ (ఇంటర్నెట్‌లో డొమైన్ పేర్ల వ్యవస్థను చూసే సంస్థ) 2009 నవంబరులో వేరే దారి తెరిచింది. మన ‘.భారత్’ తెలుగులో వచ్చింది ఆ దారినే. జిల్లాకు, ఊరికి ఆ దారి లేదు. మీరు మామూలు కొత్త ఎక్స్‌టెన్షన్ల వరుసలోనే నిలబడాలి. 2012లో ఒక్క దరఖాస్తుకు 1,85,000 డాలర్లు తీసుకున్నారు. ఈ విడతలో అది 2,27,000, అంటే సుమారు రెండు కోట్ల రూపాయలు. గడువు 2026 ఏప్రిల్ 30 నుంచి ఆగస్టు 12 వరకని ప్రకటించారు. అది పరిశీలన రుసుము మాత్రమే. డొమైన్ సర్వర్లు, డీఎన్ఎస్ (పేరును బట్టి సైటు ఎక్కడుందో వెతికిపెట్టే వ్యవస్థ) సెక్యూరిటీ సంతకాలు, రిజిస్ట్రేషన్ వ్యవస్థ, యజమానుల వివరాలు చూపే సేవ, ఆ వివరాలను మూడో పక్షం దగ్గర దాచడం, ఈ ఐదూ ఒక్క రోజు ఆగకుండా నడవాలి. వాటిని సొంతంగా నడపాలనుకోవద్దు, అనుభవమున్న సంస్థకు అప్పగించండి. అంత డబ్బు కూడకపోతే ‘సింహపురి.భారత్’ లాంటి పేరు దొరుకుతుందేమో చూసి, దాని కింద పేర్లివ్వండి. అందులో చిన్నతనమేమీ లేదు. నేను కింద రాసే అక్షరాల నియమాలు అప్పుడూ పనికొస్తాయి.

ఇక ప్రభుత్వ లేఖ. ‘.నెల్లూరు’ అని ఊరి కోసమే అడిగితే సంబంధిత ప్రభుత్వం నుంచి మద్దతు లేదా అభ్యంతరం లేదన్న లేఖ తప్పనిసరి. ‘సింహపురి’ పాత పేరు కదా, మనకు అక్కర్లేదు అనుకోవద్దు. వాడేది ఈ ఊరి కోసమే కాబట్టి లేఖ తెచ్చుకునే వెళ్లండి. దరఖాస్తులో అన్నిటికంటే ఆలస్యమయ్యే కాగితం ఇదే, మొదట కదపాల్సిందీ ఇదే.

ఇప్పుడు అక్షరాలు. మన కంటికి ‘సింహపురి’ నాలుగు అక్షరాలు. కంప్యూటరుకు ఎనిమిది: స, గుడి, సున్న, హ, ప, కొమ్ము, ర, గుడి. డీఎన్ఎస్‌లో ఇవి తెలుగుగా నడవవు, ఇంగ్లీషు అక్షరాల రూపంలోకి మారతాయి. ‘.భారత్’ అసలు రూపం ‘ఎక్స్ఎన్’, రెండు అడ్డగీతలు, ఆ తర్వాత ‘ఎఫ్‌పీసీఆర్‌జే9సీ3డీ’. ఈ మారిన రూపం 63 అక్షరాలు దాటకూడదు, మొదట్లో వచ్చే ఆ నాలుగూ కలిపి.

చుక్క తర్వాత వచ్చే భాగానికి ఐకాన్ రూట్ జోన్ (ఎక్స్‌టెన్షన్లన్నిటి మూల జాబితా) నియమాలున్నాయి. తెలుగు వాటిలో 2019లో, మూడో కూర్పులో చేరింది. వాటి ప్రకారం అంకెలు, అడ్డగీత, కంటికి కనబడని జోడింపు గుర్తులు పనికిరావు. గుణింతపు గుర్తుతో పేరు మొదలుకాకూడదు. పొల్లు హల్లు తర్వాతే రావాలి. కన్నడంతో ఇంకో చిక్కుంది. ‘జలం’ తెలుగులో రాసి, పక్కన కన్నడంలో రాసి చూడు, తేడా పట్టలేవు. ఇలా ఒకటిగా కనబడేవాటిని ఆ నియమాలు వేరియంట్లుగా లెక్కగడతాయి. ఒక లిపిలో పేరు ఇచ్చాక రెండో లిపిలోది ఎవరికీ పోకుండా ఆపుతాయి. మీ పేరులో కన్నడంలో వేరుగా కనబడే హ, ప ఉన్నాయి కదా, గండం లేదనుకుని వదిలేయొద్దు. పేరు ఆ నియమాలకు సరిపోతుందో లేదో చెప్పే ఐకాన్ ఎల్‌జీఆర్ టూల్‌లో పెట్టి ఫలితం అచ్చు తీసి దాచండి.

చుక్కకు ముందుండే పేర్లకు నియమాల పట్టిక మీరే రాయాలి. మోసం జరిగేదీ, తగాదాలు పుట్టేదీ ఇక్కడే.

మొదటిది సున్న. మన డీటీపీ అంగళ్లలో పూర్ణానుస్వారం బదులు తెలుగు అంకె సున్న కొట్టే అలవాటుంది. ‘ఒంగోలు’లో రెండో గుర్తు అలా పడితే కంటికి తేడా తెలియదు, యంత్రానికి మాత్రం అది వేరే పేరు. కాబట్టి తెలుగు అంకెలు పూర్తిగా నిషేధించి, ఇంగ్లీషు అంకెలు మాత్రమే ఒప్పుకోండి. తెలుగు అంకెలు మనవే కదా అని బాధపడేవాళ్లుంటారు. నాకూ బాధే, కానీ ఇక్కడ భద్రత ముందు.

రెండోది ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటలు. ట కింద వ వత్తు పడకుండా మధ్యలో కనబడని గుర్తు పెడతాం. దాన్ని ఒప్పుకోవడానికి, ఇంగ్లీషు కాని లిపుల డొమైన్ పేర్లకున్న 2008 ప్రమాణంలో వీలుంది, పొల్లు తర్వాత రావచ్చు. 2003 ప్రమాణం దాన్ని తీసిపారేసేది. పాత సాఫ్ట్‌వేర్ ఇంకా వాడేచోట ఒకరి పేరు కొడితే ఇంకొకరి సైటు తెరుచుకుంటుంది. కాబట్టి ఒప్పుకోవద్దు. కావాల్సినవాళ్లు మధ్యలో అడ్డగీత పెట్టుకుంటారు. ఆ గీత మొదట్లో, చివర్లో రాకూడదు, మూడు నాలుగు స్థానాల్లో కలిసి రాకూడదు.

మూడోది ఐత్వం. ‘ై’ ఒకే గుర్తుగానూ వస్తుంది, ఎత్వానికి కింద గుర్తు కలిపి రెండుగానూ వస్తుంది. దరఖాస్తు తీసుకునేటప్పుడే ఎన్ఎఫ్‌సీ రూపంలోకి (ఇలాంటి రెండు గుర్తులను ఒకటిగా కలిపే యూనికోడ్ రూపం) మార్చి, ఆ తర్వాతే పేరు ఖాళీగా ఉందో లేదో చూడాలి. వరుస తిరగబడితే ఒకే పేరు ఇద్దరికి పోతుంది.

ఒక పేరులో తెలుగుతో ఇంకో లిపి అక్షరాలు కలపనివ్వకండి. ‘ప్రకాశం’, ‘ప్రకాశము’ మాత్రం వేరియంట్లు కావు, రెండూ వేరు పేర్లు. యంత్రం వాటిని కలపదు. అందుకని మండలాల, పంచాయతీల పేర్లను వాడుకలో ఉన్న అన్ని రూపాల్లో ముందే రిజర్వు చేసి ఉంచండి.

ట్రేడ్‌మార్కుల వాళ్లకు తొలి అవకాశం కనీసం 30 రోజులు, అందరికీ తెరిచాక హెచ్చరికల గడువు (ట్రేడ్‌మార్కుతో కలిసే పేరు ఎవరైనా అడిగితే తెలియజేసేది) కనీసం 90 రోజులు. ఇవి ఐకాన్‌తో చేసుకునే ఒప్పందంలోనే ఉంటాయి. ట్రేడ్‌మార్కు ఇంగ్లీషులో మాత్రమే ఉంటే తెలుగు పేరుకు ఆ హక్కు రాదు. ఈ ముక్క ట్రంకు రోడ్డు వ్యాపారులకు ముందే చెప్పండి, లేకపోతే ఆరోజు మీ మీద పడతారు.

చివరగా, పేరు ఇచ్చినంత మాత్రాన అది అన్నిచోట్లా పనిచేయదు. ఫీజు కట్టే ఫారాల్లో తెలుగు ఈమెయిలు కొడితే ‘సరైన చిరునామా కాదు’ అని తిప్పికొట్టేవి చాలా ఉన్నాయి. రాసినవాళ్లు ఇంగ్లీషు అక్షరాలే వస్తాయనుకుని తనిఖీ పెట్టారు కాబట్టి. జనానికి అమ్మకముందే బడుల, ఆసుపత్రుల, పంచాయతీల ఫారాలు కొన్ని ఎంచుకుని పరీక్షించండి. ఎక్కడ తిరగ్గొట్టిందో రాసి, కొనేవాళ్లకు ఆ జాబితా చూపించండి.

పట్టిక మొదటి ప్రతి రాశాక నాకు పంపు. యూనికోడ్ కాని అను ఫాంట్లలో కొట్టింది పంపొద్దు, దాంట్లోంచి కాపీ చేస్తే ఇంగ్లీషు అక్షరాల గుట్ట వస్తుంది. యూనికోడ్‌లో, ఒక్కో గుర్తుకు ఎదురుగా దాని సంఖ్య వేసి పంపు. సున్న ఉన్న వరుస నేను ముందు చూస్తాను.

మీ పెదనాయన