నీలగిరి యాత్రకు అప్పు చేయాలా?

ప్రశ్న: మేము హైదరాబాద్‌లో ఉంటున్నాం. నాకూ నా భార్యకూ కలిపి నెలకు 1,05,000 రూపాయలు చేతికి వస్తాయి. ఇంటి రుణం ఈఎంఐ 31,000, పాప పైచదువు కోసం సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో పెట్టుబడి) 12,000, ఇంటి ఖర్చులు, స్కూలు ఫీజులు, బీమా అన్నీ కలిపి 48,000 పోగా 14,000 మిగలాలి. కానీ నెలాఖరుకు ఖాతాలో ఏమీ కనబడదు. 2,50,000 ఎఫ్‌డీ ఉంది. దీపావళికి నా భార్యకు 45,000 బోనస్ వస్తుంది. పదమూడేళ్ల పాపకు, తొమ్మిదేళ్ల బాబుకు కొండలు, ఏనుగులు చూపిస్తామని మాట ఇచ్చాం. అరవై ఆరేళ్ల మా అమ్మ కూడా వస్తుంది. వచ్చే మే నెలలో ఊటీకి, ముదుమలై అభయారణ్యానికి నాలుగు రాత్రుల ప్యాకేజీకి ట్రావెల్ ఏజెంటు 1,48,000 చెప్పారు. బ్యాంకు యాప్‌లో 14 శాతం వడ్డీతో 24 నెలలకు 1,50,000 వ్యక్తిగత రుణం సిద్ధంగా ఉందని చూపిస్తోంది. రుణం తీసుకోవాలా, ఎఫ్‌డీ తీసేయాలా, కొంతకాలం సిప్ ఆపాలా? నా భార్యకు కంపెనీ నుంచి ఏడాదికి 40,000 ఎల్‌టీఏ (సెలవు ప్రయాణ భత్యం) ఉంది. దానివల్ల పన్ను ఏమైనా కలిసొస్తుందా?

జవాబు: మీరు చెప్పిన మూడు దారులూ 1,48,000 అన్న అంకెను, మే అన్న నెలను మార్చలేనివిగా అనుకుని వెతికినవి. ఆ రెండింటినీ మార్చవచ్చు కాబట్టి ముందు వాటినే చూద్దాం. అయితే మీరు మొదట అడిగింది రుణం గురించి కనుక దాని లెక్క ముందు చెబుతాను. 14 శాతం వడ్డీతో 24 నెలలకు 1,50,000 తీసుకుంటే నెలకు సుమారు 7,200 కట్టాలి. వడ్డీయే దాదాపు 22,850 అవుతుంది. బ్యాంకు రెండు శాతం ప్రాసెసింగ్ ఫీజు తీసుకుంటే, దానిపై 18 శాతం జీఎస్టీతో కలిపి మరో 3,540. అంటే అయిదు రోజుల యాత్ర కోసం 26,000 పైచిలుకు అదనంగా కడుతూ, తిరిగొచ్చాక రెండు వేసవులు గడిచేదాకా ఆ బాకీ మోయాలి. ఇది జులై నెల. ఈ నెల నుంచే 8,000 చొప్పున తొమ్మిది నెలలు రికరింగ్ డిపాజిట్‌లో వేస్తే, 6.5 శాతం వడ్డీ లెక్కన ప్రయాణం నాటికి దాదాపు 74,000 చేతికొస్తాయి. బోనస్‌లో 35,000 పక్కన పెడితే మొత్తం 1,09,000. ఈఎంఐగా కట్టగలననుకున్న మొత్తానికి నెలకు 800 మాత్రమే కలిపి ముందుగా దాచుకుంటే, ఇరవై నాలుగు నెలల భారం తొమ్మిది నెలలతో ముగుస్తుంది, వడ్డీ మీ వైపు వస్తుంది.

నెలాఖరుకు కనబడని ఆ 14,000 ఎటు పోతున్నాయో మీ ఉత్తరంలో లేదు. మీలాంటి కుటుంబాల ఖాతాల్లో అది చాలావరకు ఫుడ్ యాప్‌లకు, యూపీఐలో చిల్లరగా వెళ్లే చెల్లింపులకు పోతుంటుంది. దాన్ని పద్దు రాసి పట్టుకోవాలని చూడటం కన్నా, జీతం పడిన మర్నాడే 8,000 ఆర్‌డీకి తనంతట తాను వెళ్లిపోయేలా ఏర్పాటు చేసుకోవడం తేలిక. అప్పుడు మిగిలిన 6,000లోనే చిల్లర ఖర్చులు సర్దుకుంటాయి.

ఇక 1,09,000 సరిపోతుందా అన్నది అసలు ప్రశ్న. ఏజెంటు ఇచ్చిన ధరకు మాత్రం సరిపోదు. నిజానికి ఆ యాత్రకు 1,48,000 కూడా సరిపోదు. మీరు జతచేసిన ప్యాకేజీ కాగితంలో విమాన టికెట్లు, రిసార్ట్ గదులు, కారు, ఉదయం టిఫిను ఉన్నాయి కానీ మధ్యాహ్న, రాత్రి భోజనాలు లేవు, ప్రవేశ రుసుములు లేవు. గది అద్దె రోజుకు 7,800 అని రాశారు. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 వరకు అద్దె ఉన్న గదులపై జీఎస్టీ 5 శాతం, అంతకు మించితే 18 శాతం. రెండు గదులకు నాలుగు రాత్రుల అద్దె 62,400పై మీరు కట్టే పన్నే 11,232 అవుతుంది. ఈ గీత గదితో ఆగిపోదు. అంత ఖరీదైన గదులున్న హోటల్ లోపలి రెస్టారెంటులో భోజనంపైనా 18 శాతం పన్ను పడుతుంది. అదే భోజనం బయట విడిగా ఉన్న రెస్టారెంటులో తింటే 5 శాతమే. రిసార్టులో అయిదుగురి రెండు పూటల భోజనానికి రోజుకు 5,000 అనుకుంటే, నాలుగు రోజులకు పన్నుతో 23,600 అవుతుంది. సఫారీ, ట్రెక్, బొమ్మ రైలు వంటివాటికి 9,000 కలపండి. 1,48,000 అనుకున్న యాత్ర 1,80,000 దాటుతుంది. మీరు తీసుకోబోయే రుణం చాలదు, మిగతాది క్రెడిట్ కార్డు మీదకు వెళుతుంది. ఆ బాకీ పూర్తిగా తీర్చకుండా కనీస మొత్తమే కడుతూ పోతే వడ్డీ చాలా కార్డులపై నెలకు మూడు శాతం దాటుతుంది.

నెల విషయానికి వస్తే, మే నెలలో ఊటీకి వెళ్లడం అన్నిటికన్నా ఖరీదైన సమయంలో వెళ్లడమే. పుష్ప ప్రదర్శన అప్పుడే జరుగుతుంది, సెలవులన్నీ అప్పుడే కలిసి వస్తాయి. నీలగిరులకు వెళ్లే బయటి వాహనాలకు మద్రాసు హైకోర్టు ఆదేశాలతో 2024 మే నుంచి ఈ-పాస్ తప్పనిసరి అయింది. 2025 వేసవిలో మామూలు రోజుల్లో 6,000, వారాంతాల్లో 8,000 వాహనాలకే పరిమితం చేశారు. ఈ-పాస్ ఉచితమే అయినా, రద్దీ రోజుల్లో దాని కోసం ఆగడం కన్నా ముందుగా తీసుకుని ఉంచుకోవడం మేలు. మీ పిల్లలకు ఏప్రిల్ నాలుగో వారంలో సెలవులు మొదలవుతాయి కాబట్టి ఆ నెలాఖరు వారంలో, శని ఆదివారాలు వదిలి, సోమవారం చేరుకుని శుక్రవారం దిగిపోయేలా పెట్టుకోమని నా సలహా. గదుల ధరలు ఇంకా మే స్థాయికి ఎక్కి ఉండవు. అడవి ఎండి ఉంటుంది కనుక జంతువులు నీటి దగ్గరకు వచ్చే అవకాశం ఎక్కువ. దసరా సెలవుల ఆలోచన మీకు వచ్చే ఉంటుంది. అప్పుడు మైసూరు వైపు రద్దీ, ఈశాన్య రుతుపవనాల వాన రెండూ ఉంటాయి కాబట్టి కొండల్లో నడకను కోరుకునే కుటుంబానికి దాన్ని నేను సిఫారసు చేయను.

నేను వేసిన పద్దు ఇది. సికింద్రాబాద్ నుంచి శబరి ఎక్స్‌ప్రెస్‌లో కోయంబత్తూరు వెళ్లి రావడానికి థర్డ్ ఏసీలో అయిదుగురికి సుమారు 16,000. రైల్వేలో వయోవృద్ధుల రాయితీ 2020 మార్చి నుంచి లేదు. బాబుకు బెర్తు తీసుకుంటే పూర్తి ఛార్జీయే. కాబట్టి అయిదు పూర్తి టికెట్లుగానే లెక్క వేశాను. రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తారు. ఏప్రిల్ చివరి వారం ప్రయాణానికి ఫిబ్రవరి నెలాఖరున ఆ తేదీని పట్టుకోవాలి. కోయంబత్తూరు నుంచి నాలుగు రోజులకు ఆరుగురు పట్టే వాహనం 20,000. రోజుకు 4,000 గదులు రెండు, నాలుగు రాత్రులు, అయిదు శాతం పన్నుతో 33,600. భోజనాలకు రైలు ప్రయాణంతో కలిపి 17,000, ప్రవేశాలు, సఫారీ, నడక రుసుములకు 9,000, అనుకోని ఖర్చుకు 10,000. మొత్తం 1,05,600. ఆ చివరి పదివేలను ఎవరు అడిగినా తగ్గించవద్దు. పెద్దవారితో, పిల్లలతో 2,200 మీటర్లకు పైన ఉన్న ఊరికి వెళుతున్నారు, ఒక రోజు వైద్యానికో, ఒక రాత్రి అదనపు గదికో అది అక్కరకు వస్తుంది. మీ శ్రీమతి కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమాలో అత్తగారికి కవరేజీ ఉందో లేదో ఇప్పుడే అడగండి. చాలా పాలసీల్లో ఉండదు. రైలు టికెట్‌తో ఇచ్చే 45 పైసల బీమా రైలు ప్రమాదాలకే తప్ప జబ్బులకు, ప్రయాణం రద్దుకు పనికిరాదు.

వాహనం మాట్లాడేటప్పుడు ఒక విషయం ముందే తేల్చుకోండి. ఊటీ నుంచి ముదుమలై అడవి పక్కనున్న మసినగుడికి కల్లట్టి ఘాట్ మీదుగా, 36 మలుపుల దారిలో దిగితే దూరం తక్కువ. కానీ నీలగిరి జిల్లా రిజిస్ట్రేషన్ లేని వాహనాలను ఆ ఘాట్‌లో కిందికి దిగనివ్వడం లేదు. కోయంబత్తూరు బండి గూడలూరు మీదుగా చుట్టి రావాలి, దూరం రెట్టింపు దాటుతుంది. కిలోమీటరు లెక్కన ఒప్పందమైతే ఆ తేడా మీ మీదే పడుతుంది, కాబట్టి దారి పేరు రాసి మరీ ధర మాట్లాడుకోండి.

అడవి విషయంలోనూ ఇలాంటి జాగ్రత్తే అవసరం. ముదుమలై అభయారణ్యం లోపలికి తెప్పకాడు నుంచి అటవీశాఖ నడిపే వాహనాలు మాత్రమే వెళతాయి. ఏజెంటు కాగితంలో ఉన్న ‘జంగిల్ సఫారీ’ ప్రైవేటు జీపులోనైతే అది అడవి అంచున, బస్సులు తిరిగే రోడ్ల మీదే తిప్పుతుంది. అది అటవీశాఖ సఫారీయో కాదో రాతపూర్వకంగా అడగండి, కాకపోతే ఆ మొత్తం తీసేయమనండి. పిల్లలు కోరుకుంటున్నది ఏనుగులే కనుక తెప్పకాడు ఏనుగుల శిబిరంలో ఆహారం పెట్టే వేళకు వెళితే కొద్ది ఖర్చుతోనే కోరిక తీరుతుంది. పైగా తెప్పకాడు, మసినగుడి మధ్య రోడ్డు మీదే దుప్పులు, అడవి దున్నలు తరచుగా ఎదురవుతాయి. పులి కనిపిస్తుందని చెప్పి ఎవరైనా ఎక్కువ డబ్బు అడిగితే ఇవ్వకండి.

కొండ నడకకు తమిళనాడు అటవీశాఖ 2024లో నలభై దారులను ఆన్‌లైన్ బుకింగ్‌తో, గైడ్‌తో కలిపి తెరిచింది. నీలగిరుల్లో కోటగిరి దగ్గర లాంగ్‌వుడ్ షోలా, ఊటీలో కైర్న్ హిల్ మీ పిల్లలు నడవగలిగేవి. 2018 మార్చిలో తేని జిల్లా కురంగణిలో కార్చిచ్చు ట్రెక్కర్లను బలిగొన్న తర్వాత అనుమతి లేని నడకపై అక్కడ కఠినంగా ఉంటున్నారు. ఎండాకాలం మొదట్లో మంటల భయంతో దారులు మూసి, ఏప్రిల్ మధ్య తర్వాత తెరుస్తారు. ఏప్రిల్ చివరి వారం అనడానికి అదీ ఒక కారణం. రిసార్టు మనిషి ‘నేను తీసుకెళతాను, పాస్ అక్కరలేదు’ అంటే ఒప్పుకోకండి, జరిమానా పడితే కట్టాల్సింది మీరే. ఆ పూట అమ్మగారు, ఆమెతో ఇంకొకరు కూనూరు నుంచి ఊటీకి బొమ్మ రైలులో వెళ్లవచ్చు. ఆ రైలు 1899లో కూనూరుకు, 1908లో ఊటీకి చేరింది. సీట్లు వెంటనే అయిపోతాయి కాబట్టి అవి కూడా బుకింగ్ తెరిచిన రోజే తీసుకోవాలి.

భోజనాల 17,000లో పిసినారితనం చూపాలని నేను చెప్పడం లేదు. పగటి పూట ఊళ్లోని మెస్సులు, చిన్న హోటళ్లలో కానిచ్చి, ఒక్క రాత్రి మాత్రం మంచి పాత హోటల్లో తీరుబడిగా తినడానికి 4,000 విడిగా ఉంచండి. అక్కడ 18 శాతం పన్ను పడినా పరవాలేదు, ఒక్క పూటే కదా. బిల్లులో సర్వీస్ ఛార్జీ కలిపితే తీసేయమని అడిగే హక్కు మీకుంది. వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022లో ఇచ్చిన మార్గదర్శకాలను ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో సమర్థించింది. నీలగిరుల్లో ప్లాస్టిక్ నీళ్ల సీసాలపై నిషేధం ఉంది, స్టీలు సీసాలు పట్టుకెళ్లండి.

ఎల్‌టీఏ గురించి ఎక్కువ ఆశ పెట్టుకోకండి. మీ శ్రీమతి కొత్త పన్ను విధానంలో ఉంటే ఆ మినహాయింపే లేదు. పాత విధానంలో ఉన్నా ప్రయాణ ఛార్జీకే వర్తిస్తుంది, గదికీ భోజనానికీ కాదు. 2026 నుంచి 2029 వరకు ఉన్న నాలుగేళ్ల బ్లాకులో రెండుసార్లు వాడుకోవచ్చు. చాలామంది గమనించని నియమం ఒకటుంది: ఉద్యోగి మీద ఆధారపడిన తల్లిదండ్రులు లెక్కలోకి వస్తారు గానీ, అత్తగారు, మామగారు రారు. కాబట్టి ఆమె క్లెయిమ్‌లో మీ అమ్మగారి టికెట్ చెల్లదు. నలుగురి రైలు ఛార్జీ 12,800పై 20 శాతం శ్లాబులో సెస్‌తో కలిపి ఆదా అయ్యేది సుమారు 2,660. విమానంలో వెళితే నలుగురికి 40,000 అనుకున్నా 8,320 ఆదా అవుతుంది, కానీ అయిదుగురికి విమానం రైలు కన్నా 34,000 ఎక్కువ. ఈ మినహాయింపు కోసమే పాత విధానానికి మారడంలో అర్థం లేదు. ఇక ప్యాకేజీ బిల్లులో ఛార్జీ విడిగా లేకపోతే కంపెనీ అకౌంట్స్ విభాగం క్లెయిమ్‌ను తిరస్కరించవచ్చు.

మీ మూడు దారుల్లో ఒకదాన్ని ఎంచుకోక తప్పని పరిస్థితే వస్తే, ఉదాహరణకు బోనస్ రాకపోతే, ముందు యాత్రను తగ్గించండి. మసినగుడిలో రాత్రి బస మానేసి, సఫారీకి ఊటీ నుంచి ఉదయమే వెళ్లి రండి. ఒక రాత్రి గదులు తగ్గుతాయి కనుక 8,400 మిగులుతాయి. ఇంకా చాలకపోతే రెండు నెలలు సిప్ ఆపండి. పాప పైచదువుకు ఇంకా నాలుగైదేళ్లు ఉంది కాబట్టి, మే నుంచి మళ్లీ మొదలుపెడితే అది పెద్ద నష్టం కాదు. ఎఫ్‌డీని మాత్రం కదపకండి. మీ ఇంటి ఖర్చులు, ఈఎంఐ కలిపి నెలకు 79,000 అవుతున్నాయి. ఆ 2,50,000 మీ ఇల్లు మూడు నెలలు నడవడానికి మాత్రమే సరిపోతుంది. యాత్ర నుంచి తిరిగొచ్చాక ఆర్‌డీలోకి వెళ్లిన 8,000ను అదే తేదీన ఆ ఎఫ్‌డీ పెంచడానికి మళ్లించండి.