సందేహాలు – సమాధానాలు: మహాబలుడైన రాక్షసుడి నోట ఏ తెలుగు?

సందేహం: మేము కొందరు మిత్రులం ఒక్కొక్కరూ ఒక పాత్రగా మాట్లాడుతూ కథ నడుపుకొనే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటను తెలుగులో ఆడుకుంటాం. నేను గేమ్ మాస్టర్‌ని, అంటే కథ నడిపేదీ, ఎదురుపడే పాత్రలన్నిటి తరఫునా మాట్లాడేదీ నేనే. డెమొగోర్గన్ వంటి బలవంతులైన డీమన్ల (ఆటలోని రాక్షసుల) చేత ‘మిమ్ములను సంహరించెదను’ అనిపిస్తే అందరూ నవ్వుతున్నారు. ‘మిమ్మల్ని చంపేస్తాను’ అనిపిస్తే వీధి రౌడీలా ఉందంటున్నారు. ఇటువంటి పాత్రకు గ్రాంథికం తగునా, వ్యావహారికం తగునా? అంతటివాడు ఆటగాళ్ల బృందాన్ని ‘మీరు’ అంటే మర్యాద చేస్తున్నట్టు ఉండదా?

సమాధానం: ‘సంహరించెదను’ అనడంలో వ్యాకరణదోషం లేదు. అయితే గ్రాంథికంలో మొదలుపెట్టినవారు సాధారణంగా రెండు మూడు వాక్యాలకు మించి దాన్ని నిలుపుకోలేరు. ‘ఎచటికి వచ్చితిరి’ అని అడిగిన నోరే మరుక్షణం ‘ఇక్కడేం పని మీకు’ అంటుంది, నవ్వు పుట్టేది ఆ అతుకు దగ్గరే. ‘చంపేస్తాను’ సంగతి వేరు. ‘చంపివేస్తాను’ అన్న దానిలోని ‘వేయు’ పని ముగించే తొందరను సూచిస్తుంది, తొందర బలవంతుడి లక్షణం కాదు. పైగా ఆ వాక్యంలో శ్రమపడే కర్త రాక్షసుడే. ‘ఈ గడప దాటినవాడెవడూ తిరిగి వెళ్లలేదు’ అన్నప్పుడు అతడు ఏమీ చేయనక్కరలేకుండానే బెదిరింపు పూర్తవుతుంది. కనుక మీరు తేల్చుకోవలసింది గ్రాంథికమా, వ్యావహారికమా అన్నది కాదు. క్రియకు కర్త ఎవరు, సంబోధన ఎలా ఉంది, సర్వనామం ఏది అన్న మూడింటిని సరిచూసుకుంటే వాడుకభాషలోనూ గాంభీర్యం నిలుస్తుంది.

దీనికి పోతన హిరణ్యకశిపుడి కంటే మంచి ఉదాహరణ నాకు తోచదు. కొడుకును చంపించబోయి విఫలుడైన ఆ దానవరాజు ‘ముంచితి వార్ధులన్’ అని మొదలుపెట్టి తాను చేసినవన్నీ ఏకరువు పెడతాడు. ఆ పద్యమంతటా ‘నేను’ అన్న మాట ఒక్కసారి కూడా రాదు, క్రియాంతమే కర్తను చెబుతుంది కనుక ఆ అవసరం లేదు. ముంచడం, గదలతో మొత్తడం అయ్యాక పొడిపించితి, త్రోయించితి వంటి ప్రేరణార్థక క్రియలు వరుసకడతాయి. పొడవడానికీ తోయడానికీ వేరే చేతులు ఉన్నవాడి వ్యాకరణం అది. ఇన్ని ఉత్తమపురుష క్రియల తరువాత చివర ‘చావడిదేమి చిత్రమో’ అంటాడు. కర్త మారి, కొడుకు కర్తగా ఒక వ్యతిరేకక్రియ వచ్చిందంటే అతడి బలం అక్కడ బీటలువారిందన్నమాట. మీ ఆటలో బృందానికి పైచేయి అయ్యే ఘట్టంలో రాక్షసుడి చేత అరిపించనక్కరలేదు. అంతవరకూ తన ఆజ్ఞల గురించే మాట్లాడినవాడి చేత ఆటగాళ్లు కర్తలుగా ఉన్న వాక్యాలు పలికించండి.

అదే ఘట్టంలో స్తంభం చూపి ‘చక్రిన్ గిక్రిన్’ అని అడుగుతాడు. పులీ గిలీ, పుస్తకం గిస్తకం అని మనం రోజూ అనుకునే ఎగతాళి రూపమే ఇది. విష్ణువంతటివాడి పేరుకు ‘గి’ తగిలించడంలో ఉన్న తిరస్కారం ఎంత పెద్ద సమాసంలోనూ రాదు. ప్రౌఢకావ్యంలోని దానవేంద్రుడికి చెల్లిన వాడుకమాట మీ డీమన్‌కు చెల్లకపోదు. దేవుడి పేరు పట్టుకొని ఎదురు నిలిచిన క్లెరిక్‌ను (ఆటలోని పూజారి పాత్రను) మీ రాక్షసుడు ఆ పేరుకు ‘గి’ చేర్చి పిలిచి చూడనివ్వండి. 1957 నాటి ‘మాయాబజార్’లో వినిపించే ‘అసమదీయులు, తసమదీయులు’ వంటి మాటలు మాత్రం ముద్దొచ్చే రాక్షసులవి. వాటిని చిల్లర దయ్యాలకు దాచుకోండి.

‘మీరు’ గురించిన మీ అనుమానం న్యాయమైనదే. తెలుగులో బహువచనమూ గౌరవవాచకమూ ఒకటే కావడం వల్ల నలుగురిని పిలవగానే మర్యాద తనంతట తాను వచ్చి కూర్చుంటుంది. దాన్ని తీసివేయడానికి భాషలోనే ఉపాయం ఉంది. ‘ఎవర్రా మీరు’ అన్నప్పుడు బహువచనం బహువచనంగానే ఉంటుంది, ‘రా’ వచ్చి గౌరవాన్ని లాగేస్తుంది. అయితే ‘రా’ పురుషులకు, ‘ఎవరే’లోని ‘ఏ’ స్త్రీలకు. బృందంలో ఇద్దరూ ఉంటే ఈ పనిముట్టు సరిగా పట్టదు, పైగా పౌరుషానికి దగ్గరగానూ మహిమకు దూరంగానూ వినిపిస్తుంది. నా సలహా అడిగితే, మహాబలుడి చేత బృందంతో నేరుగా మాట్లాడించకండి. ‘వీళ్లను ఎవరు రానిచ్చారు?’ అని అతడు తన కింకరుణ్ణి అడిగితే చాలు. ఎదుట నిలబడ్డవారిని ప్రథమపురుషలోకి నెట్టడం కంటే పెద్ద అవమానం లేదు. ఆ తరువాత వారిలో ఒక్కరిని ఎంచుకొని ‘నువ్వు’ అంటే, ఆ ఏకవచనం బరువు ఆ ఒక్కరి మీదే పడుతుంది.

ఇదంతా డీమన్లకు. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన ఈ ఆటలో డెవిల్స్ అనే మరో జాతి ఉన్న సంగతి మీకు తెలిసిందే. డీమన్లది అబిస్ అనే కట్టుబాటు లేని లోకం, డెవిల్స్‌ది అంతస్తులవారీగా అధికారం నడిచే తొమ్మిది నరకాల రాజ్యం. వారు ఒప్పందాలు రాయించుకొని ఆత్మలను సంపాదిస్తారు. ఆ నరకాలకు అధిపతి అయిన అస్మోడియస్ నోట ‘మీరు’, ‘తమరు’ తప్పక ఉండాలి. అతడికి మన దస్తావేజుల భాష అమరినట్టు మరేదీ అమరదు: ‘సదరు ఆత్మను నా ఇష్టపూర్వకముగా, ఎవరి బలవంతమూ లేకుండా, మీ పరము చేసి వ్రాయించి ఇచ్చిన పత్రము.’ ఇక్కడ గ్రాంథికపు వాసన నవ్వు పుట్టించదు, రిజిస్ట్రారు కార్యాలయంలో నిలబడ్డవారెవరికైనా దాని భయం తెలుసు.

పేర్ల మాట క్లుప్తంగా చెబుతాను. డీమన్లందరినీ ‘రాక్షసులు’ అనేస్తే ఆటలోనే ఆ పేరుతో ఉన్న, పులితలతో అరచేతులు వెనక్కి తిరిగి ఉండే ప్రాణితో చిక్కు వస్తుంది. ఆట పేర్లను అలాగే ఉంచుకోవడం మేలు. కథనంలో మాత్రం వ్యాకరణంలోని లింగభేదాన్ని వాడుకోండి. రాక్షసుడు మహద్వాచకం (పురుషులను చెప్పే మాటల తరగతి) కనుక ‘వచ్చాడు’, భూతం, దయ్యం, పిశాచం అమహత్తులు (‘అది’ అని చెప్పుకొనేవి) కనుక ‘వచ్చింది’. పొగలో ఆకారం కనిపించినంతసేపూ ‘అది కదిలింది’ అని చెప్పి, నోరు విప్పిన క్షణం నుంచి ‘అతడు అన్నాడు’ అని మార్చితే, తమ ఎదుట ఉన్నది జంతువు కాదని ఆటగాళ్లకు వేరే చెప్పనక్కరలేదు.

ఇక డెమొగోర్గన్. రెండు తలలకు రెండు మనసులు, వాటి మధ్య పొత్తు కుదరదు. ఇంగ్లీషులో లేని సౌకర్యం తెలుగులో మీకు ఉన్నది ఇక్కడే. వినేవారిని వెలిగా ఉంచే ‘మేము’, కలుపుకొనే ‘మనం’ మనకు వేరువేరు. రెండు తలలూ ఏకమై పలికినంతసేపూ ‘మేము’ అనిపించండి. చీలిక వచ్చినప్పుడు ఒక తల ‘నేను’ అనాలి. ప్రలోభపెట్టవలసి వచ్చినప్పుడు ఆ తల పక్క తలను ‘వాడు’ అని, ఆటగాడి వైపు వంగి, ‘వాడి సంగతి మనం చూసుకుందాం’ అనాలి.