మా ఊరి డాక్టర్ల సంఘం పాత రికార్డులను, లైబ్రరీని ఎలా కాపాడుకోవాలి?

అనంతపురం నుంచి ఒకాయన అడిగారు. సంఘం భవనంలో మూడు బీరువాల నిండా పాత వైద్య జర్నళ్లు, మీటింగుల్లో ఏం అనుకున్నారో రాసిపెట్టే మినిట్స్ పుస్తకాలు, ఉత్తరాలు ఉన్నాయట. భవనం పడగొట్టి కొత్తది కడుతున్నారట. అన్నీ స్కాన్ చేయించి కాగితాలు తీసేస్తే సరిపోతుందా అని ప్రశ్న.

సరిపోదు. నేను డాక్టర్ని కాదు. కర్నూల్లో ఇలాంటి సంఘానికే ఇరవై రెండేళ్లు గుమాస్తాగా చేశాను. మీటింగుకు కుర్చీలు వేయించడం, చందా రసీదులు రాయడం, బీరువా తాళాలు మొలతాడుకు కట్టుకుని తిరగడం నా ఉద్యోగం. కాబట్టి పుస్తకంలో చదివింది కాదు, పడింది చెప్తాను.

2009 అక్టోబరు 2. గాంధీ జయంతి సెలవు. తుంగభద్ర, హంద్రి రెండూ కలిసి ఊళ్లోకి వచ్చేశాయి. 19 లక్షల క్యూసెక్కుల లెక్కతో కట్టిన శ్రీశైలం డ్యాముకు 25 లక్షలు పైన వచ్చి నీళ్లు వెనక్కి తన్నితే ఏమవుతుందో మా ఊరిని అడగండి. సంఘం గది పాతూరి వైపు, కింది అంతస్తు. మా ఇల్లు ఎత్తు మీద ఉంది కాబట్టి మేం బతికిపోయాం. నీళ్లు తగ్గాక, బురదలో మోకాళ్ల దాకా దిగబడుతూ నేను అక్కడికి చేరేసరికి నాలుగో రోజు.

బీరువా తలుపు రాలేదు. తాళం తిరిగింది, తలుపు రాలేదు. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు. పుస్తకాలు నీళ్లు తాగి ఉబ్బిపోయి లోపలినుంచి బిగుసుకున్నాయి. పక్కన వెల్డింగు షాపు పిల్లోడు గడ్డపారతో వచ్చి, "పెద్దాయనా, దీంట్లో బంగారం ఏమన్నా పెట్టినారా?" అన్నాడు. తలుపు ఊడగానే ఒండ్రు వాసన, దాని వెనకే ఇంకో పులిసిన వాసన. ఖరీదైన జర్నళ్లన్నీ నున్నటి ఆర్ట్ పేపరు కదా, ఒకదానికొకటి అతుక్కుని ఇటుకలయ్యాయి. చాకుతో పొడిచినా పేజీ విడలేదు. తోలు బైండింగు, బంగారు అక్షరాలు, ప్రతి ఏడాదీ ఆడిట్‌లో వాటికి ధర కట్టి ఆస్తి కింద చూపించేవాళ్లం. ఆ ఆస్తి మొత్తం తోపుడుబండి మీద పోయింది. పాత పేపర్ల ఆయన చేత్తో ఎత్తి చూసి, "తడి సాబ్, తూకానికి రాదు" అంటే, తీసుకెళ్లినందుకు నేనే యాభై రూపాయలు ఇచ్చాను.

ఎవరూ ఆస్తి అనుకోనివి మాత్రం నిలిచాయి. అడుగు అరలో అట్ట ఊడిన మినిట్స్ పుస్తకాలు, జమాఖర్చు పుస్తకాలు. మామూలు లెడ్జరు కాగితం, అతుక్కోలేదు. దాంట్లో కూడా తమాషా చూడండి. పాతకాలం నల్ల సిరాతో రాసినవి చెక్కు చెదరలేదు. ఇనుము కలిసిన ఆ సిరా కాగితంలోకి దిగిపోతుందట. తరవాత ఎవరో సెక్రటరీ గారు ఫ్యాషన్‌గా నీలం ఇంకు వాడారు, ఆయన హయాం మొత్తం కడుక్కుపోయింది. పేజీ నిండా లేత నీలం మరక, కింద అక్కడక్కడ సంతకాల తోకలు. బాల్ పెన్ను వచ్చాక రాసినవి మళ్లీ ఉన్నాయి. ఆ పుస్తకాన్ని తిప్పుతుంటే మధ్యలో సంఘం ఏడేళ్లు లేనట్టే ఉంటుంది.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. వాటిని మా మిద్దె మీద ఎండలో పరిచాను. అక్టోబరు ఎండైనా కర్నూలు ఎండే కదా. సాయంత్రానికి అప్పడాల్లా లేచాయి, అంచులు పెళపెళమన్నాయి. మా ఆవిడ కింద నుంచి, "ఊళ్లో జనం తాగడానికి నీళ్లు లేక ఏడుస్తుంటే నీకు డాక్టర్ల లెక్కలు కావాల్నా?" అని అరిచింది. నిజమే, ఏం చెప్తాను? రెండో రోజు నుంచి నీడన, గాలికి, నాలుగు పేజీలకొక న్యూస్‌పేపరు పెట్టి గంటకోసారి మార్చాను. కరెంటు లేదు, ఫ్యాను లేదు. తడిసిన పుస్తకాలను రెండు రోజుల్లోపు ఫ్రీజర్లో పెట్టి గడ్డకట్టిస్తే బూజు ఆగుతుందని, తీరిగ్గా ఒకటొకటి ఆరబెట్టుకోవచ్చని చాలా ఏళ్లకు తెలిసింది. తెలిసినా అప్పుడు ఏ ఫ్రీజరు నడుస్తోంది గనక!

అలా ఆరబెడుతుంటే కంటపడింది ఒక పేజీ. 1950ల నాటి మీటింగు. మినిట్స్ ఇంగ్లీషులోనే ఉన్నాయి గానీ రోగం పేరు మాత్రం పక్కన తెలుగులో రాశారు: నారికురుపు. పల్లెలో పనిచేసే ఒక డాక్టరు దాని మీద మాట్లాడాడు. కాలి మీద పొక్కు లేచి పగిలి, తెల్లదారంలా పురుగు తల బయటపెడితే అగ్గిపుల్లకు చుట్టి రోజుకు కొంచెం చొప్పున లాగాలి, తెగితే కాలు వాచిపోతుంది, ఇదంతా చెప్పాడు. చెప్పి, మందుతో పోదు, దిగుడుబావి మెట్లు మూసేసి చేదతో తోడుకునేలా చేస్తేనే పోతుంది, కలెక్టరుకు రాద్దాం అన్నాడు. పుండు కాలితో బావిలో దిగితే పురుగు తన పిల్లల్ని నీళ్లలోకి వదులుతుంది, ఆ నీళ్లే జనం తాగుతారు, అదీ సంగతి. దాని కింద ఒకే లైను: సమయం లేనందున విషయం వాయిదా వేయడమైనది. ఆ కింద టీ, బిస్కట్ల ఖర్చు అణాలతో సహా.

దేశంలో నారికురుపు చివరి కేసు 1996లో. 2000లో ఇండియాలో లేదని ప్రకటించారు. దిగుడుబావులు మార్చడం దాంట్లో పెద్ద పని. మా ఊరి డాక్టరు ఆ మాట అంత ముందే అన్నాడని ఆ ఒక్క పుస్తకంలో తప్ప ఎక్కడా లేదు. ఈమధ్య ఒక కుర్ర డాక్టరుకు చూపిస్తే, "అంకుల్, ఇది మేం పరీక్షకు చదవడమే, చూడలేదు" అన్నాడు.

అందుకే నా ఖచ్చితమైన అభిప్రాయం, ఎవరు కోప్పడినా సరే: జర్నళ్లు వదిలేయండి. అవి ఇంకో పెద్ద లైబ్రరీలో ఎక్కడో దొరుకుతాయి. దొరకనివి మినిట్స్, లెక్కల పుస్తకాలు, ఉత్తరాలు, ఫోటోల వెనక రాసిన పేర్లు. లెక్కల పుస్తకంలో 1957 ఏప్రిల్ దగ్గర అణాలు ఆగిపోయి నయాపైసలు మొదలైన పేజీ చూస్తే నాకు ఇప్పటికీ సరదాగా ఉంటుంది. మీది అనంతపురం కాబట్టి ఇంకోటి. పొదిలి, దర్శి వైపు ఫ్లోరోసిస్, అంటే నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువై ఎముకలు బిగుసుకుపోయే జబ్బు, ఉందని 1937లో లోకానికి తెలిసింది. మీ జిల్లా నీళ్లలోనూ ఆ బాధ ఉన్నదే. మీ బీరువాలో పాత ఓపీ రిజిస్టరు దొరికితే, నడుము వంగడం లేదని ఏయే పల్లెల వాళ్లు వచ్చారో చూడండి. స్కాన్ చేసేవాడు అది చూడడు, పేజీకి రూపాయి లెక్కన తిప్పుకుంటూ పోతాడు.

స్కానింగు వద్దనడం లేదు. చేయించండి, కానీ కాగితం పారేయకండి. మేం ఒకసారి చేయించాం. అందంగా మూడు సీడీలు ఇచ్చారు. ఒకటి అప్పటి సెక్రటరీ గారి కారులో, ఒకటి గీతలు పడి, మూడోది బాగానే ఉంది గానీ పెట్టడానికి కంప్యూటరుకు ఆ సందే లేదు. లామినేషన్ మాత్రం చేయించకండి, దండం పెడతాను. స్థాపకుల సంతకాలున్న కాగితాన్ని ఒకాయన ప్రేమతో లామినేషన్ చేయించాడు, అది లోపల పసుపెక్కి గోధుమరంగుకు వస్తోంది, తీయడానికి లేదు. తుప్పు పట్టిన గుండుసూదులు తీసేయండి. కలరా ఉండలు వేసి బీరువా బిగించి మర్చిపోవద్దు, నెలకోసారి తెరిచి గాలి తగలనివ్వండి. అడుగు అర ఖాళీగా ఉంచండి. కుష్ఠు, క్షయ రోగుల పేర్లున్న రిజిస్టర్లు ఉంటే అవి వాట్సాప్‌లో పెట్టే సరుకు కాదు. మా గ్రూపులో ఒకాయన "చరిత్ర" అని ఫోటో పెడితే, అందులో పేరున్నావిడ మనవడు అదే ఊళ్లో షాపు నడుపుతున్నాడు. పది నిమిషాల్లో తీయించాను.

కడపలో బ్రౌన్ దొరను చూడండి. దొరికిన తాళపత్రం దొరికినట్టు పెట్టెలో దాచుకుంటే ఇవాళ మనకేం మిగిలేది? పండితులకు జీతాలిచ్చి ప్రతులు రాయించాడు, మద్రాసుకు చేర్చాడు. ఆయన బంగళా ఎప్పుడో పడిపోయింది, ఆ స్థలంలోనే ఇప్పుడు ఆయన పేర లైబ్రరీ ఉంది. ఆయన సేకరణ మాత్రం మద్రాసులో నిలిచింది. కాబట్టి ఒక నకలు వేరే ఊళ్లో ఉండాలి, అదీ వేరే నది ఒడ్డున. వైద్య చరిత్రకంటూ హైదరాబాదులో కేంద్ర ప్రభుత్వ సంస్థే ఉంది, జాతీయ భారతీయ వైద్య వారసత్వ సంస్థ. వాళ్లకు ఒక ఉత్తరం రాసి చూడండి.

డబ్బు లేదంటారు. నేను నమ్మను. మందుల కంపెనీ స్పాన్సరు చేసిన డిన్నరుకు మటన్ బిర్యానీ, డబల్ కా మీఠా ఏ సంవత్సరమూ తగ్గలేదు. బీరువాకు రంగు వేయించాలంటే మాత్రం జనరల్ బాడీలో పెట్టాలి. అధ్యక్షుడు ఏడాదికోసారి మారతాడు. వచ్చినాయన మొదట వాస్తు చూపిస్తాడు, బీరువా ఈశాన్యంలో బరువు అంటాడు, అది నైరుతిలో బాత్రూము గోడకు ఆనుకుని చేరుతుంది. చెదలు రావడానికి ఇంకేం కావాలి?

మిగిలిన ఐదు పుస్తకాలు ఇప్పుడు మా ఇంట్లో అటక మీద రేకు పెట్టెలో ఉన్నాయి. నావి కావు, రిటైరయినప్పుడు ఎవరూ అడగలేదు కాబట్టి ఉన్నాయి. రసీదు ఇచ్చి తీసుకెళ్లమని ముగ్గురు అధ్యక్షులకు చెప్పాను. మూడో ఆయన వస్తానన్నాడు. రసీదు పుస్తకం అయిపోయిందట, కొత్తది అచ్చువేయించాక వస్తాడట.