ఆర్‌సీ ఒకరిది, అమ్మేది ఇంకొకరు: ఈ కారు కొనొచ్చా?

సందేహం: ఏడేళ్ల కిందటి పెట్రోల్ కారు ఒకటి చూశాను. మీటర్ మీద 41 వేల కిలోమీటర్లే ఉన్నాయి. అమ్మే ఆయన "యాక్సిడెంట్ అన్న మాటే లేదు" అంటున్నారు. ఆర్‌సీ మాత్రం వేరే ఆయన పేరు మీద ఉంది. "ఆయన దగ్గర నేను కొన్నాను, పేరు మార్చుకోలేదు. ఫారాల మీద సంతకాలు పెట్టించి ఉంచాను, నేరుగా మీ పేరు మీదకే మార్చుకోండి" అంటున్నారు. ఎల్లుండిలోగా అడ్వాన్స్ ఇవ్వాలట. తెలిసిన మెకానిక్ చూసి ఇంజన్ బాగుందన్నాడు. రేపు ఏదైనా మోసం బయటపడితే కేసు వేసి డబ్బు వెనక్కి తెచ్చుకోవచ్చా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఎల్లుండికి అడ్వాన్స్ ఇవ్వకండి. ఆర్‌సీలో పేరున్న వ్యక్తితో మీరు స్వయంగా మాట్లాడేదాకా ఒక్క రూపాయి కూడా చేతులు మారకూడదు.

ముందు కేసు సంగతి చెబుతాను. కేసు వేయొచ్చు, కానీ చట్టం మీరు అనుకున్నంతగా కొనేవాడి పక్షాన లేదు. వస్తువుల విక్రయ చట్టం, 1930లోని సెక్షన్ 16 ప్రకారం, కొన్ని మినహాయింపులు తప్పిస్తే, వస్తువు నాణ్యతకు అమ్మినవాడు హామీ ఇచ్చినట్టు కాదు. చూసుకుని కొనుక్కోవలసింది మీరే. భారత ఒప్పందాల చట్టం, 1872లో సెక్షన్ 19 ఇంకో మెలిక పెట్టింది. మామూలు జాగ్రత్తతో నిజం తెలుసుకునే వీలుండి కూడా చూసుకోకపోతే, ఎదుటివాడు తెలియక తప్పు చెప్పాడనో, నోరు మెదపకుండా ఊరుకున్నాడనో ఒప్పందం రద్దు చేయించుకోలేరు. తెలిసీ అబద్ధం చెప్పాడని, కావాలని దాచాడని రుజువు చేస్తే దారి వేరు. ఆ రుజువు కాగితం మీద ఉండాలి. "యాక్సిడెంట్ లేదు" అని ఆయన నోటితో అన్న మాట కోర్టులో నిలబెట్టడం చాలా కష్టం. అదే మాట వాట్సాప్‌లో రాసి ఉంటే మీ చేతిలో సాక్ష్యం ఉన్నట్టే.

అందుకే ఈ రోజే ఆయనకు ఒక మెసేజ్ పెట్టండి. మీటర్ రీడింగ్ నిజమేనా, ఎప్పుడైనా పెద్ద యాక్సిడెంట్ అయిందా, వరద నీళ్లలో మునిగిందా, ఇన్సూరెన్స్ కంపెనీ టోటల్ లాస్‌గా (బాగుచేయించడం దండగని) తేల్చిందా, లోన్ బాకీ గానీ కేసు గానీ ఉందా అని ఒక్కొక్కటీ విడివిడిగా అడగండి. సూటిగా జవాబివ్వని మనిషి దగ్గర కొనకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఇక ఆ సంతకాల ఫారాలు. ఓనర్ పేరు మార్పుకు వాడే ఫారం 29, 30 మీద ముందే సంతకం పెట్టించి చేతులు మార్చడం మన దగ్గర మామూలైపోయింది. నన్నడిగితే, పాత కార్ల బేరాల్లో ఇంతకంటే ప్రమాదకరమైన అలవాటు లేదు. ఆర్‌సీలో ఉన్నాయన ఈలోగా చనిపోతే ఆ సంతకాలు ఎందుకూ పనికిరావు. ముందు వారసుల పేరు మీదకు మారాలి. ఆయన బతికే ఉండి "నేను అమ్మలేదు, వాడుకోమని ఇచ్చాను" అంటే, మీరు డబ్బిచ్చింది అమ్మే హక్కు లేని మనిషికి. మీ పేరు మారేలోపు బండి ఎవరినైనా గుద్దినా చిక్కే. చేతులు ఎన్ని మారినా, రిజిస్ట్రేషన్‌లో పేరున్నవాడే నష్టపరిహారానికి బాధ్యుడని 2018లో నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఈ సంగతి తెలిసిన పాత ఓనర్ మిమ్మల్ని కోర్టుకు లాగకుండా ఊరుకోడు. అందుకని ఆయన్ని కలిసి, ఎంతకు, ఎప్పుడు అమ్మారో ముగ్గురూ సంతకం పెట్టిన కాగితం రాయించుకోండి. ఆయన రానంటే బేరం వదిలేయండి.

రికార్డులు చూడటానికి పెద్ద ఖర్చేమీ లేదు. రవాణా శాఖ పరివాహన్ పోర్టల్‌లో బండి నంబర్ కొడితే రిజిస్ట్రేషన్ తేదీ, ఎన్నో ఓనర్, ఇన్సూరెన్స్ గడువు, ఫైనాన్స్ వివరాలు వస్తాయి. చలానాలూ అక్కడే చూడొచ్చు. ఫైనాన్స్ కనిపిస్తే, లోన్ తీరిపోయిందన్న మాట సరిపోదు. బాకీ లేదని బ్యాంక్ ఇచ్చే ఎన్‌ఓసీ, ఫారం 35 పెట్టి ఆర్‌సీలో ఆ ఎంట్రీ తీయించాకే మిగతా మాట. దొంగ బండి అవునో కాదో నేషనల్ క్రైమ్ రికార్డ్స్ బ్యూరో వారి వాహన్ సమన్వయ్ ఆన్‌లైన్ సేవలో చూడండి. దొంగ బండిని ఎంత నమ్మకంతో కొన్నా అది మీది కాదు. అమ్మినవాడికి లేని హక్కు మీకు రాదు.

ఛాసిస్ నంబర్, ఇంజన్ నంబర్ ఆర్‌సీ కాగితం మీద చూసి ఊరుకోకుండా బండి మీద చెక్కిన చోట చదవండి. చుట్టూ గీకినట్టున్నా, కొత్త పెయింట్ వేసినట్టున్నా అక్కడితో ఆపేయండి.

మీటర్ వెనక్కి తిప్పడం ఇప్పుడు లాప్‌టాప్‌తో అయ్యే పని. దాన్ని పట్టించేవి పాత కాగితాలే. అదే ఛాసిస్ నంబర్‌తో కంపెనీ సర్వీస్ సెంటర్‌లో హిస్టరీ అడగండి. ఓనర్‌ని వెంట తీసుకెళ్తే ఇవ్వడానికి పెద్దగా అభ్యంతరం చెప్పరు. మూడేళ్ల కిందటే 60 వేల కిలోమీటర్ల సర్వీస్ అయినట్టు రికార్డుంటే 41 వేలు అబద్ధమని తేలిపోతుంది. టైర్ పక్కన నాలుగంకెల తయారీ కోడ్ ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారం. 41 వేల కిలోమీటర్లకే టైర్లు రెండోసారి మారాయంటే ఎందుకని అడగండి.

ఇన్సూరెన్స్ పాలసీ కాపీ తప్పకుండా తీసుకోండి. అందులో నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, ఎంతుందో చూడండి. క్లెయిమ్ లేని మొదటి ఏడాదికి 20 శాతం, వరుసగా ఐదేళ్లు లేకపోతే 50 శాతం. ఏడేళ్ల బండికి సున్నా ఉందంటే క్లెయిమ్ ఏదో జరిగి ఉండొచ్చు, పాలసీ మధ్యలో తెగిపోయి ఉండొచ్చు, లేదా ఓనర్ మారి ఉండొచ్చు. 50 ఉన్నంత మాత్రాన నిశ్చింత పడకండి. ఆ బోనస్ మనిషిది, బండిది కాదు. వేరే బండి మీదిది తెచ్చి ఇక్కడ వాడుకుని ఉండొచ్చు. ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి క్లెయిముల వివరాలు తెప్పించమని అడగండి.

మీ మెకానిక్ ఇంజన్ చూశాడన్నారు, మంచిదే. నీళ్లలో మునిగిన బండికి ఇంజన్ చూస్తే చాలదు. సీట్ బెల్టును చివరిదాకా లాగి మురికి చార ఉందేమో చూడమనండి. కార్పెట్ కింద, స్టెప్నీ గుంటలో మట్టి, సీట్ పట్టాల మీద తుప్పు వెతకాలి. డోర్ పిల్లర్ల దగ్గర వెల్డింగ్ అతుకులు, బానెట్ బోల్టుల మీద స్పానర్ గుర్తులు పెద్ద రిపేరుకు ఆనవాళ్లు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించండి. మీరు వెళ్లేసరికే వేడెక్కి ఉంటే మరో పూట రండి.

ఇవన్నీ సరిగ్గా ఉండి అడ్వాన్స్ ఇస్తే బ్యాంక్ ద్వారా ఇవ్వండి. రసీదులో మీటర్ రీడింగ్, ఛాసిస్ నంబర్, ఆయన చెప్పిన విషయాలు రాయించి, "వీటిలో ఏది తప్పని తేలినా అడ్వాన్స్ మొత్తం తిరిగి ఇస్తాను" అన్న వాక్యం చేర్పించండి.

ఇంత చేశాక కూడా మోసం బయటపడితే, కార్లు అమ్మడమే వ్యాపారంగా ఉన్నవాళ్ల మీద వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయొచ్చు, గడువు రెండేళ్లు. మీకు అమ్మే ఆయన సొంత బండి అమ్ముకునే మామూలు మనిషైతే సివిల్ కోర్టుకే వెళ్లాలి. అక్కడ గడువు మూడేళ్లు, మోసం తెలిసిన నాటి నుంచి లెక్క. తెలిసి మోసం చేసినట్టు ఆధారాలుంటే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318 కింద పోలీసులకూ ఫిర్యాదు ఇవ్వొచ్చు.

బండి తీసుకున్నాక పేరు మార్పుకు 30 రోజుల్లోపు, ఇన్సూరెన్స్ మార్పుకు 14 రోజుల్లోపు దరఖాస్తు పెట్టండి. థర్డ్ పార్టీ కవర్ (మీ బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికి) చట్టం ప్రకారం దానంతటదే మీకు వస్తుంది. మీ బండికి జరిగే నష్టానికి కవర్ మాత్రం కంపెనీ మీ పేరు చేర్చేదాకా రాదు. కాబట్టి డెలివరీ తీసుకున్న రోజే ఆ దరఖాస్తు ఇచ్చేయండి.