మెట్ల కింద మాత్రం వద్దు

కాజీపేట,
ఆదివారం పొద్దుగాల

అల్లుడా,

నిన్న రాత్రి అక్క ఫోన్ చేసింది. మొదలు మక్కల ధర చెప్పింది, తర్వాత మోకాళ్ల నొప్పి చెప్పింది. ఇగ పెట్టేస్తదనంగ మెల్లగ అన్నది: "వాడు ఇంటికి పెద్ద బ్యాటరీ సొంతంగ కడ్తాన్నడురా. పదహారు డబ్బాలు వచ్చినయి. మెట్ల కింద జాగ చూపెట్టిన, కండ్లకు కనబడకుండ ఉంటది."

ఆ తర్వాత నాకు నిద్ర పట్టలె. నాలుగ్గంటలకు లేచి చాయ్ పెట్టుకున్న. తెల్లారి హోటల్ కాడ నలుగురికి చెప్పిన, మా అల్లుడు ఇంటికి కరెంటు దాచుకునే డబ్బా కడ్తాన్నడని. "అన్నం వండుకునుడు రాదు గని కరెంటు వండుతడు" అన్న. నవ్విండ్రు. నేను సుత నవ్విన. ఇంటికొచ్చి ఈ కాగితం ముందర కూసున్న.

నీకు తెల్వదని రాస్తలేను. నేను 31 ఏండ్లు రైల్వేల ఉన్నోణ్ని, రైలు డబ్బాల కింద ఒంగి 110 వోల్టుల డీసీ బ్యాటరీలు చూసినోణ్ని, అంతే. నాది సీసం, ఆసిడ్ కాలం. లిథియం సంగతి నాకన్నా నువ్వే ఎక్కువ చదివినవ్. గని డీసీ డీసీనే, ఇల్లు ఇల్లే.

తెలిసినయి తొందరగ చెప్పేస్త. ఉంగరం, గడియారం, మెడల గొలుసు తీసి మీ అమ్మకియ్యి. పానాల పిడి పొడుగునా టేపు చుట్టు. ఒక్కడివే ఉన్నప్పుడు బిగించే పని పెట్టుకోకు. అంత సైజు సెల్లుకు లోపలి నిరోధం మిల్లీ ఓమ్‌ల పావు వంతు లెక్కన ఉంటది. పానా జారి రెండు కొసలకు తగిలితే వేల ఆంపియర్లు పోతయి. ఉంగరం వేలు మీదనే ఎర్రబడ్తది. ఇన్వర్టర్‌కు మొదటిసారి తగిలించేటప్పుడు రెసిస్టర్ పెట్టి కొన్ని సెకండ్లు ఆగు, లేకుంటే లోపలి కెపాసిటర్లు ఒక్కసారి గుంజి టప్పుమంటయి.

ఇంకోటి. నీ బ్యాటరీ 51.2 వోల్టులు, 280 ఆంపియర్ అవర్లు. గుణిస్తే 14 యూనిట్లు దాటుతది. అంత ఎందుకురా? మీ మిద్దె మీది 3 కిలోవాట్ల సోలార్ పలకలు మంచి ఎండల రోజుకు 12 యూనిట్లు ఇస్తయి. మీ ఇంట్ల మూడు పాత ఫ్యాన్లున్నయి, ఒక్కోటి 75 వాట్లు తాగుతది. 30 వాట్లయి పెడితే రాత్రి పది గంటలకు రెండు యూనిట్ల పైన తాగేది ఒక యూనిట్ లోపలికొస్తది. బ్యాటరీ కొన్నంక ఇది చెప్పుడు, లగ్గమైనంక జాతకాలు చూసుడు లెక్కనే ఉంటది. అయినా మార్చు.

నువ్వు కొన్నది లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకమని అక్క డబ్బా మీది అక్షరాలు ఒక్కొక్కటి చదివితే తెల్సుకున్న. అక్కడ ప్రాణం జర కుదుటపడ్డది. పాత లాప్‌టాప్‌లు, స్కూటర్ల నుంచి పీకిన సెల్లులైతే ఇప్పుడే బస్సెక్కి వచ్చి పారబోసెటోణ్ని. ఫాస్ఫేట్‌ల భాస్వరం ఆక్సిజన్‌ను గట్టిగ పట్టుకోని ఉంటది, వేడెక్కినా తొందరగ ఇడిశిపెట్టదు. 1997ల అమెరికాల టెక్సస్‌ల గుడ్‌ఇనఫ్ దొర దీన్ని బయటపెట్టిండు. ఆ పత్రం మీద దొర పేరుతోపాటు పాఢి, నంజుండస్వామి అని మనోళ్ల పేర్లు రెండున్నయి. రిటైరయినంక నాకు పనేముంది, ఇసొంటియి చదువుకుంట కూసుంట.

గని ఫాస్ఫేట్ కాలదు అని ఎవడన్న అంటే నమ్మకు. మితిమీరి నింపినా, లోపల షార్టయినా సెల్లు ఉబ్బి, మూతి తెరుచుకోని పొగ కక్కుతది. ఆ పొగల హైడ్రోజన్ ఉంటది. అది నాకు పాత చుట్టం.

మెట్ల సంగతి ఇప్పుడు చెప్త. ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలె.

2003, ఎండకాలం మొదట్ల. డ్యూటీ లేని రోజు నేను ఇండ్లకు ఇన్వర్టర్లు పెట్టుకుంట నాలుగు పైసలు చూసుకునేటోణ్ని. హన్మకొండల ఒక సారు ఇంట్ల రెండు ట్యూబులర్ బ్యాటరీలు పెట్టిన. ఆ అమ్మ, మీ అమ్మ లెక్కనే, కండ్లకు కనబడద్దన్నది. మెట్ల కింద చెక్క తలుపుల అలమారి అప్పటికే కొట్టిచ్చి పెట్టింది. సీసం బ్యాటరీ నిండే కాడికి లోపలి నీళ్లు విరిగి హైడ్రోజన్ వస్తదని నాకు తెల్వదా? రైలు డబ్బా కింద బ్యాటరీ పెట్టెకు గాలి పోయే సందులు ఎందుకుంటయో నేను కొత్త పిలగాండ్లకు చెప్పేటోణ్ని. గాలిల నూటికి నాలుగు వంతులు కలిస్తే చాలు, నిప్పు దొరికితే పేల్తది. తెల్సు. తెల్సి పెట్టిన. ఎందుకంటే ఆ అమ్మ 300 రూపాయలు ఎక్కువిచ్చింది, తలుపులకు బెజ్జాలు పెట్టమంటే "కొత్త చెక్క కదా" అన్నది, నేను సరే అన్న.

మూడు నెలలకు బ్యాకప్ వస్తలేదని కబురొచ్చింది. ఎండకాలం సెలవులు. నువ్వు మా ఇంట్లనే ఉన్నవ్, నీకు ఐదేండ్లు. "నేనొస్త మామా" అని ఏడిస్తే చేతక్ మీద ముందర నిలబెట్టుకోని తీసుకపోయిన. నువ్వు ఆ మెట్ల మీద, మూడో మెట్టు మీద, కూసోని పార్లే బిస్కెట్లు తింటున్నవ్. నేను తలుపు తీసిన. పుల్లటి వాసన గుప్పుమన్నది. ఒక్క పది నిమిషాలు తలుపులు తీసి పెట్టి చార్జర్ ఆపి బయట కూసుంటే అయిపోయేది. నాకేమో ఇంకో రెండిండ్లు తిరిగేదుండె. చార్జర్ ఆపలె. క్లాంపు వదులయిందని చూసి పానా పెట్టిన.

అప్పుడే బయట పుల్ల ఐస్ బండి గంట మోగింది. నువ్వు లేచి గేటు కాడికి ఉరికినవ్.

బ్యాటరీ పేలిన చప్పుడు నాకు ఇనబడలె, చెవులు మూసుకపోయినయి. బ్యాటరీ మూత నా మొఖం పక్క నుంచి పోయి నువ్వు కూసున్న మెట్టుకు తగిలింది. ఆ పగిలిన ముక్క అక్కడనే పడి ఉన్నది, నీ బిస్కెట్ల కాగితం పక్కన. ఆసిడ్ ఎడమ కంట్ల పడ్డది. అలమారిల పాత పేపర్ల కట్టలు పెట్టింది ఆ అమ్మ, అయి అంటుకున్నయి, పొగ మొత్తం మెట్ల ఎంబడి పైకి పోయింది. పైన సారు తల్లి ఉన్నది, ఎనభై ఏండ్ల ముసలమ్మ. దిగనీకె తొవ్వ అదొక్కటే. ఆమె మిద్దె మీదికి పోయి అరిస్తే పక్కింటోళ్లు నిచ్చెన ఏసి దింపిండ్రు. ఆ అమ్మ నా తలను నల్లా కింద పెట్టి, అరగంట సేపు వదలకుండ నీళ్లు పోసింది. కన్ను పూర్తిగ పోలేదంటే అదే కారణం.

మీ ఇంట్ల ఏం చెప్పిన్నో నీకెరికే. సున్నం ఏస్తుంటే కంట్ల పడ్డదన్న. అక్క ఇప్పటికీ సున్నం బకెట్ కనబడితే నన్ను తిడ్తది. నన్ను లైన్ పని నుంచి తీసి స్టోర్ రూంల కూసోబెట్టిండ్రు. నువ్వు ఇంటికి పోయి నారింజ రంగు ఐస్ తిన్నమని మాత్రమే చెప్పినవ్.

అందుకని, అల్లుడా, మెట్ల కింద వద్దు. 2022 సెప్టెంబర్‌ల సికింద్రాబాద్‌ల ఏమైంది? కింద కరెంటు స్కూటర్ల షోరూమ్, పైన లాడ్జి. కింద నిప్పు, మెట్ల ఎంబడి పొగ, 8 మంది పోయిండ్రు. అదే ఏడు ఏప్రిల్‌ల నిజామాబాద్‌ల రాత్రి ఇంట్ల చార్జింగుకు పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఒక ముసలాయన పానం పోయింది. అయి నీ రకం సెల్లులు కాకపోవచ్చు. పొగకు రకం తెల్వదు. మనుషులు దిగే తొవ్వల, పండుకునే గదిల, గ్యాస్ సిలిండర్ పక్కన పెట్టుడు లేదు.

మీ ఇంటికి ఉత్తరం దిక్కు, బావి పక్క వసారా ఉన్నది చూడు, పాత నాగండ్లు పెట్టేది. అది ఇటుక గోడ, రెండు దిక్కులా గాలి, మధ్యాహ్నం ఎండ తగలదు. మేడి, కాడి తీసి బయట పెట్టు. మీ నాయన బాధపడ్తడు, నేను చెప్త ఆయనకు. రేకుల షెడ్డుల పెడతానంటే ఊకోను. మే నెలల మన దిక్కు 44, 45 డిగ్రీలు బయటనే ఉంటది, రేకుల కింద ఎంతుంటదో నువ్వే చూసుకో. 45 దాటినంక చార్జింగ్ చేసుకుంట పోతే సెల్లు ఆయుష్షు కరుగుతది. నేల మీద సుత వద్దు, మోకాలెత్తు గద్దె కట్టు. 2020 ఆగస్టుల, 2023 జులైల వరంగల్ల నీళ్లు ఇండ్లల్లకు ఎట్ల వచ్చినయో చూసినవ్ కదా. మీ హసన్‌పర్తికి రాలే అని అక్క అంటది. రానీకె ముందు ఎవలకూ రాలే.

ఇగ సెల్లుల సంగతి. వచ్చిన రోజే ఒక్కొక్కదానికి అంకె రాసి, వోల్టు కొలిచి నోటుబుక్కుల రాసినవా? రాయకుంటే ఇయ్యాల రాయి. వారం వదిలి మళ్ల కొలువు. దానంతటదే దిగిపోయిన సెల్లును పక్కన పెట్టు, మొహమాటం వద్దు.

అన్నిటినీ ప్లస్సుకు ప్లస్సు, మైనస్సుకు మైనస్సు కలిపి, అన్నీ సమానమయ్యేటట్టు 3.65 వోల్టులకు నింపుడు ఉంటది కదా, అక్కడ నిన్ను నమ్మను. ఎందుకంటే నా రక్తమే. పదహారు కలిస్తే 4480 ఆంపియర్ అవర్లు. సగం నిండి వచ్చినయి అనుకున్నా, 10 ఆంపియర్ల పవర్ సప్లై డబ్బాతోటి తొమ్మిది రోజుల పైన పడ్తది. మూడో రోజు విసుగొస్తది. వోల్టు జర పెంచితే తొందరగ అయితది కదా అనిపిస్తది. ఆ బిరడా తిప్పితే సెల్లులు ఉబ్బుతయి. దానికన్నా ముందు వరుసగ, ప్లస్సుకు మైనస్సు కట్టి, బీఎంఎస్ (సెల్లులకు కాపలా కాసి, హద్దు దాటితే ఆపేసే పలక) పెట్టి ఇన్వర్టర్ చార్జర్‌తోటి నింపు. ఏదో ఒక సెల్లు ముందుగాల 3.65కు పోయి బీఎంఎస్ ఆపేస్తది. అప్పుడు ఇప్పి, అన్ని వోల్టులు దగ్గర దగ్గరున్నయో చూసి, పక్కపక్కన కలిపి మిగిలింది నింపు. ఒకటి రెండు రోజులల్ల తేలిపోతది. సప్లైని తీగలు తగిలియ్యకముందే మీటర్‌తోటి 3.65కు పెట్టు, దాని మొఖం మీది అంకెను కాదు చూసేది.

ఫ్యూజు ప్లస్సు కొసకు జానెడు దూరంల ఉండాలె, డీసీకి పనికొచ్చేదే, క్లాస్ టీ రకం. మన దుకాణాలల్ల దొరికే ఏసీ ఎంసీబీని, అదే ట్రిప్పయ్యే స్విచ్చును, పెట్టకు. ఏసీ కరెంటు సెకండుకు వంద సార్లు సున్నాకు దిగుతది, ఆ సందుల మంట ఆరుతది. డీసీ దిగదు. లోపల మంట అట్లనే నిలబడి ఎంసీబీని కరిగిస్తది, మనమేమో ఆఫ్ చేసినం అనుకుంటం.

బీఎంఎస్‌ను సుత పరీక్ష చెయ్యి. ఆపుతదని డబ్బా మీద రాసిన్రు గని నువ్వు కండ్లార చూసినవా? వేడి కొలిచే తీగను మీ చెల్లె హెయిర్ డ్రయర్‌తోటి వెచ్చజేసి చార్జింగ్ ఆగుతదా లేదా చూడు. ఆగకపోతే వాపస్ పంపు. తర్వాత పూర్తిగ నింపి, 200 లీటర్ల డ్రమ్ముల నీళ్లు పోసి 1500 వాట్ల రాడ్డు వెయ్యి. తొమ్మిది గంటలు నడవాలె. ఆ తొమ్మిది గంటలు నువ్వు సినిమా చూసుకుంట కూసోకు. ప్రతి బస్‌బార్ (సెల్లును సెల్లుకు కలిపే పట్టీ) మీద మీటర్ పెట్టి మిల్లీవోల్టులు కొలువు. అన్నిటికన్నా ఎక్కువ చూపెట్టేదాని బోల్టు వదులుంటది, లేకుంటే కింద మురికి ఉంటది. సెల్లుతోటి వచ్చిన కాగితంల బిగింపు ఎంతో రాసి ఉంటది, టార్క్ పానాతోటే బిగించు. "చేతి అందాజ" అనకు, నా చేతి అందాజ చూసినవ్ కదా. డ్రమ్ముల చెయ్యి పెట్టకు, పిల్లలను దగ్గరికి రానియ్యకు.

స్తంభం మీది కరెంటు పోయినప్పుడు మీ ఇన్వర్టర్ కరెంటు లైన్ల మీదికి పోవద్దు. మీ ఊరి లైన్‌మన్ పిల్లలు చిన్నోళ్లు. ఇంటిని లైన్ నుంచి విడదీసే చేంజోవర్ స్విచ్చు సరిగ ఉన్నదో లేదో కరెంటోళ్లకు చూపెట్టినంకనే ఆన్ చెయ్యి. ఎప్పుడన్న పొగ కనబడితే ఆర్పుదామని చూడకు. మీ అమ్మను, నాయనను పట్టుకోని బయటికి రా, 101కు ఫోన్ చెయ్యి. నలభై వేల బ్యాటరీ, లక్ష బ్యాటరీ అని ఆలోచన పెట్టుకోకు.

ఈ కాగితం అక్కకు చూపెట్టద్దు అని మొదలు రాసి కొట్టేసిన. చూపెట్టు. మెట్ల కింద ఎందుకొద్దో నువ్వు చెప్తే ఇనదు, ఇది చదివితే ఇంటది. రెండు రోజులు నాతోటి మాట్లాడదు, పర్వాలేదు.

వచ్చే ఆదివారం పొద్దున బస్సుకు వస్త. నా మీటర్ తెస్త, పాతదే గని అబద్ధం చెప్పదు. వసారా కడిగిచ్చి పెట్టు. అప్పటిదాక ఒక్క బస్‌బార్ సుత బిగించకు. కండ్లకు పెట్టుకునే అద్దాలు రెండు జతలు కొను, ఒక జత నా చత్వారం అద్దాల మీద పట్టేటట్టు పెద్దది చూడు.

మీ మామ