ఫెరెట్ తోక బోసిపోయిందా? తప్పు తిండిది కాకపోవచ్చు

తమ్ముడూ, నీ ఆడ ఫెరెట్‌కి (ముంగిసలా ఉండే ఆ పెంపుడు జంతువుకి) 4వ ఏట తోక మొదట్లో బొచ్చు రాలుతోందనీ, తిండి మార్చినా ఆగలేదనీ రాయగడ నుంచి రాశావు. నాకైతే అడ్రినల్ జబ్బనిపిస్తోంది. పిల్లప్పుడే ఆపరేషన్ అయిపోయిందన్నావు కదా, అనుమానం అక్కడే. అండాశయాలు తీసేశాక మెదడు కింది పిట్యూటరీ హార్మోన్లకు పగ్గం ఉండదు. అవి మూత్రపిండాల పక్కనుండే అడ్రినల్ గ్రంథుల్ని ఏళ్ల తరబడి తరుముతాయి. గ్రంథి ఉబ్బుతుంది, ఒక్కోసారి గడ్డవుతుంది, ఈస్ట్రోజెన్ లాంటి లైంగిక హార్మోన్లను అతిగా వదులుతుంది, బొచ్చు రాలేది అందుకే. పైగా పంజరం కొట్లో, రాత్రి 11 దాకా ట్యూబులైటు కింద! చీకటి తగ్గితే, చీకట్లో ఊరే మెలటోనిన్ అనే హార్మోన్ తగ్గుతుంది, అదీ ఓ కారణమేనంటారు. వంశపారంపర్యమూ కావచ్చు. మా పర్లాకిమిడిలో ఆవుల్నీ మేకల్నీ చూసే డాక్టరే దిక్కు. విజయనగరం జిల్లా గరివిడి పశువైద్య కళాశాలకు ఫోన్ చేసి, ఫెరెట్‌ని చూస్తారో లేదో కనుక్కుని వెళ్లు. పొట్ట స్కానింగ్, డెస్లోరెలిన్ ఇంప్లాంట్ (ఆ హార్మోన్లను అణిచేందుకు చర్మం కింద పెట్టే మందు) గురించి అడుగు. ఈలోగా జననాంగం వాచిందేమో చూసి రాయి.