తలలో చేరిన పాత రక్తం మాత్రలతో కరుగుతుందా?

74 ఏళ్ల మీ నాన్నగారు నెల కిందట పెరట్లో జారిపడ్డారని, ఇప్పుడు నడక తడబడుతుంటే స్కాన్‌లో సబ్‌డ్యూరల్ హెమటోమా (మెదడుకూ దాని పైపొరకూ మధ్య రక్తం చేరడం) అని తేలిందని, ఆపరేషన్ లేకుండా మాత్రలతో కరిగించుకోవచ్చా అని అడిగారు. నేను వైద్యుణ్ణి కాను. చిత్తూరు దగ్గర పల్లెలో ఉండే మా అమ్మకు ఇదే జబ్బు వచ్చినప్పుడు పక్కనే ఉన్నవాణ్ణి.

అమ్మకు గొడ్లపాకలో దూలం తలకు తగిలింది. బొప్పి రెండు రోజుల్లో తగ్గడంతో అందరం మరిచిపోయాం. ఐదు వారాల తరువాత సంగటి కెలికే తెడ్డు ఆమె చేతిలో నిలవలేదు; కుడికాలి చెప్పు వాకిట్లోనే ఊడిపోయినా తెలియకుండా వీధి చివరిదాకా నడిచింది. మొదట చూపించిన చోట వయసు మతిమరుపని చెప్పి బలానికి మాత్రలు రాశారు. అలా పోయిన పది రోజులను తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

తిరుపతిలో సి.టి. స్కాన్ తీస్తే ఎడమవైపు నెలవంకలా పరుచుకున్న పాత రక్తం మెదడును 9 మిల్లీమీటర్లు పక్కకు నెట్టి కనిపించింది. వయసుతో మెదడు కొంత కుదించుకుపోతుందని, దానిని పైపొరకు కలిపే సన్నని సిరలు అప్పుడు సాగి ఉండి చిన్న దెబ్బకే తెగుతాయని, గుండెకు వాడే ఆస్పిరిన్ వల్ల ఆ రక్తం సులువుగా ఆగదని న్యూరోసర్జన్ కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు.

చేరిన రక్తం పొర పలుచగా ఉండి, ఇబ్బందులేవీ లేకపోతే మళ్లీ స్కాన్ తీస్తూ వేచి చూస్తారు. నడక తడబడుతున్నప్పుడు మాత్రల మీద ఆశ పెట్టుకోవద్దని నా మనవి. ఈ జబ్బుకు స్టెరాయిడ్ (వాపు తగ్గించే మందు) పనిచేస్తుందా అని 748 మందిపై బ్రిటన్‌లో జరిపి 2020లో వెలువరించిన పరీక్షలో, ఎక్కువమందికి ఆపరేషన్ కూడా జరిగినా, ఆరు నెలలకు బాగా కోలుకున్నవారు స్టెరాయిడ్ ఇచ్చినవారిలో 84 శాతం, ఇవ్వనివారిలో 90 శాతం.

వయసును చూసి ఆపరేషన్‌కు భయపడకండి. అమ్మకు పుర్రెలో రెండు చిన్న రంధ్రాలు పెట్టగానే వాడేసిన ఇంజిన్ ఆయిల్ లాంటి ద్రవం వచ్చిందని చెప్పారు. మిగిలింది కారిపోయేందుకు రెండు రోజులు గొట్టం ఉంచారు; అలా ఉంచితే రక్తం మళ్లీ చేరడం 24 శాతం నుంచి 9 శాతానికి తగ్గుతుందని 2009లోనే కేంబ్రిడ్జ్ వైద్యులు చూపించారు. మూడో రోజు పొద్దున అమ్మ కళ్లు తెరిచి, "గొడ్లకు నీళ్లు పెట్టినారా?" అని అడిగింది.

మీ నాన్నగారు రక్తం పలుచబడే మందులు వాడుతుంటే ఈరోజే సర్జన్‌కు చెప్పండి. వాటిని మీ అంతట మీరు ఆపకండి, ఎప్పుడు ఆపాలో, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో గుండె వైద్యుడూ సర్జన్ కలిసి నిర్ణయిస్తారు. ఈలోగా మగత, వాంతులు, ఫిట్స్, చేయి పడిపోవడం, వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.